బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్: ఎన్‌బీఏ పద్ధతి, దాని మార్పులు

ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఛాంపియన్ ఎవరో తేల్చే మలిదశ పోటీని ప్లేఆఫ్స్ అంటారు. లీగ్‌లో 30 జట్లున్నాయి. టొరంటో ఒక్కటే కెనడాది, తక్కినవన్నీ అమెరికావి. అక్టోబరులో మొదలయ్యే రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడుతుంది. ఏప్రిల్ మధ్యలో ఆ లెక్క ముగిశాక ప్లేఆఫ్స్ మొదలై జూన్ దాకా సాగుతాయి. ఇంగ్లండ్, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగుల్లో పాయింట్ల పట్టికలో పైనున్న జట్టుదే టైటిల్. ఎన్‌బీఏలో పట్టిక తేల్చేది ప్లేఆఫ్స్‌లో ఎవరు ఎవరితో, ఎక్కడ ఆడాలన్నది మాత్రమే. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 82లో 73 గెలిచింది. ఒక సీజన్‌లో అన్ని విజయాలు మరే జట్టుకూ లేవు. ఫైనల్స్‌లోనూ క్లీవ్‌లాండ్ మీద 3-1 ఆధిక్యంలో నిలిచింది. తర్వాతి మూడు మ్యాచ్‌లూ వరసగా ఓడి టైటిల్ పోగొట్టుకుంది.

ఆరు నెలల కష్టానికి న్యాయం జరగాలి. అదే సమయంలో ముగింపు ముందే తెలిసిపోకూడదు. ఈ రెండు కోరికలకూ పొసగదు. ప్లేఆఫ్స్ నిబంధనల్లో ఇన్నేళ్లలో వచ్చిన మార్పులను వరసగా చూస్తే, దాదాపు ప్రతిదీ ఈ రెంటిలో ఏదో ఒకవైపు మొగ్గినదే.

చోటు ఎవరికి

జట్లు ఈస్ట్, వెస్ట్ అనే రెండు కాన్ఫరెన్సులుగా, ఒక్కోదానిలో పదిహేనుగా ఉంటాయి. ప్రతి కాన్ఫరెన్సులో మళ్లీ ఐదేసి జట్ల డివిజన్లు మూడు. డివిజన్ గెలవడం ఒకప్పుడు పెద్ద విషయం. ఇప్పుడది టైబ్రేకర్‌గా తప్ప ఎక్కడా అక్కరకు రాదు. విజయాల శాతాన్ని బట్టి కాన్ఫరెన్సులోని జట్లకు 1 నుంచి 15 దాకా స్థానాలిస్తారు. రెండు జట్లు సమానంగా ఉంటే మొదట వాటి మధ్య జరిగిన మ్యాచ్‌ల ఫలితం చూస్తారు, తర్వాత డివిజన్ విజేత ఎవరో చూస్తారు, ఆపైన డివిజన్‌లోనూ కాన్ఫరెన్సులోనూ రికార్డు.

మొదటి ఆరు స్థానాల వారికి నేరుగా ప్రవేశం. ఏడు నుంచి పది దాకా ఉన్నవారు ప్లే-ఇన్ ఆడాలి. ఇందులో 7, 8 స్థానాల జట్లు తలపడతాయి. గెలిచినది ఏడో సీడ్‌గా లోపలికి వెళ్తుంది. 9, 10 స్థానాల జట్లు ఆడితే ఓడినది ఇంటికి. మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టు, రెండో మ్యాచ్‌లో గెలిచిన జట్టు కలిసి ఎనిమిదో సీడ్ కోసం ఆడతాయి. అంటే ఏడు, ఎనిమిది స్థానాల వారు రెండు అవకాశాల్లో ఒకటి గెలిస్తే చాలు. తొమ్మిది, పది వారు రెండూ గెలవాలి.

ఐపీఎల్ చూసేవారికి దీన్ని మళ్లీ వివరించనక్కర్లేదు. క్వాలిఫయర్ 1, ఎలిమినేటర్, క్వాలిఫయర్ 2 అంటూ 2011 నుంచి ఐపీఎల్‌లో నడుస్తున్నది ఇదే అమరిక. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మూడో స్థానంతో ఎలిమినేటర్‌లో దిగి, అక్కడి నుంచి వరసగా మూడు గెలిచి కప్పు తెచ్చింది కూడా ఈ దారిలోనే. కాకపోతే ఐపీఎల్‌లో ఇది పైనున్న నాలుగు జట్లకు, టైటిల్ దాకా వెళ్లే మార్గం. ఎన్‌బీఏలో పట్టిక మధ్యలో ఉన్నవారికి గుమ్మం దాటే మార్గం, అంతే.

ప్లే-ఇన్ పుట్టుక కోవిడ్ కాలంలో. 2020లో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ ఆవరణలో, ప్రేక్షకులు లేకుండా, బయటివారికి ప్రవేశం లేకుండా సీజన్ ముగించినప్పుడు దీనికి తొలి రూపం వచ్చింది. ఇప్పటి రూపం 2021లో మొదలైంది, 2022లో శాశ్వతమైంది. 2021లో తన జట్టు లాస్ ఏంజలెస్ లేకర్స్ ఏడో స్థానానికి జారే ప్రమాదంలో ఉన్నప్పుడు లెబ్రాన్ జేమ్స్, ఈ ఆలోచన ఎవరిదో వారిని ఉద్యోగంలోంచి తీసేయాలన్నాడు. కొన్నాళ్లకు లేకర్స్ నిజంగానే ప్లే-ఇన్ ఆడింది. వారియర్స్ మీద ఆఖరి నిమిషంలో లెబ్రాన్ వేసిన మూడు పాయింట్ల బుట్టే ఆ మ్యాచ్‌ను గెలిపించింది. లీగ్ వాదన వేరు. పదో స్థానానికి కూడా విలువ ఉంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ జట్లు గట్టిగా ఆడతాయి. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాడు దొరుకుతాడని కావాలని ఓడిపోయే జబ్బు కొంత తగ్గుతుంది.

ఆ జబ్బు పూర్తిగా పోదు. ప్లేఆఫ్స్‌కు చేరని 14 జట్లూ ఎంపిక క్రమాన్ని తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో ఉంటాయి, ప్లే-ఇన్‌లో ఓడినవి కూడా. 2025లో డల్లాస్ మావెరిక్స్ పదో స్థానంతో వచ్చి, శాక్రమెంటోను ఓడించి, మెంఫిస్ చేతిలో ఓడింది. ఎనిమిదో సీడ్ దక్కి ఉంటే తొలి రౌండ్‌లో 68 విజయాల ఓక్లహోమా సిటీ ఎదురయ్యేది. దక్కలేదు కాబట్టి లాటరీకి వెళ్లింది, కేవలం 1.8 శాతం అవకాశంతో మొదటి ఎంపిక గెలుచుకుని కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. ఆ వసంతంలో ఓటమి అంతగా కలిసొచ్చిన జట్టు మరొకటి లేదు. అదే ఏడాది ఈస్ట్‌లో మయామి హీట్ పదో స్థానం నుంచి ప్లేఆఫ్స్ చేరిన తొలి జట్టయింది. క్లీవ్‌లాండ్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడి వెనుదిరిగింది.

లెక్కల పుస్తకంలో ప్లే-ఇన్‌కు విచిత్రమైన స్థానం. అందులో చేసిన పాయింట్లు రెగ్యులర్ సీజన్ ఖాతాలో పడవు, ప్లేఆఫ్స్ ఖాతాలోనూ పడవు.

ఏడు మ్యాచ్‌ల సిరీస్

పదహారు జట్లు తేలాక నాలుగు రౌండ్లు: తొలి రౌండ్, కాన్ఫరెన్స్ సెమీఫైనల్స్, కాన్ఫరెన్స్ ఫైనల్స్, చివరగా ఈస్ట్ విజేతకూ వెస్ట్ విజేతకూ మధ్య ఎన్‌బీఏ ఫైనల్స్. ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల సిరీసే. ముందుగా నాలుగు గెలిచిన జట్టు పైకి వెళ్తుంది, మిగిలిన మ్యాచ్‌లు ఆడరు. టైటిల్‌కు మొత్తం 16 విజయాలు కావాలి. తొలి రౌండ్‌లో 1-8, 2-7, 3-6, 4-5 సీడ్లు తలపడతాయి. 1-8 విజేతకు 4-5 విజేత, 2-7 విజేతకు 3-6 విజేత ఎదురవుతారు. సంచలనాలు జరిగినా ఈ గీతలు మారవు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం ప్రతి దశలోనూ మిగిలిన వారిలో పై సీడ్‌కు అందరికంటే కింది సీడ్‌ను ఇస్తారు.

ఇన్ని మ్యాచ్‌లు ఎందుకంటే, అదృష్టం పాత్ర తగ్గించడానికి. ఒక మ్యాచ్‌లో రెండు జట్లలో ఒకదానికి గెలిచే అవకాశం 60 శాతం ఉందనుకుందాం, సొంత కోర్టు సంగతి పక్కన పెడదాం. మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఆ జట్టు నెగ్గే అవకాశం సుమారు 65 శాతం. ఐదైతే 68, ఏడైతే 71. పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది కానీ నాలుగు రౌండ్లు దాటాల్సిన జట్టుకు ఆ తేడా పోగవుతుంది. దీనికి తోడు బాస్కెట్‌బాల్ స్వభావం ఒకటుంది. 48 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు సుమారు వంద సార్లు దాడి చేసే అవకాశం వస్తుంది. ఫుట్‌బాల్‌లో ఒక్క పొరపాటు గోల్ మ్యాచ్‌ను మింగేస్తుంది. ఇక్కడ ఒక్క బుట్ట అంత పని చేయడం అరుదు. బలమైన జట్టు ఎక్కువసార్లు గెలిచే ఆట ఇది. ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆ గుణాన్ని ఇంకా గట్టిపరుస్తుంది.

కోచ్‌ల పని కూడా ఇక్కడ మారిపోతుంది. రెగ్యులర్ సీజన్‌లో ఇవాళ ఒక జట్టు, ఎల్లుండి ఇంకొకటి. ప్రత్యర్థిని లోతుగా చదివే తీరిక ఉండదు. ప్లేఆఫ్స్‌లో రెండు వారాలు ఒకే జట్టు ఎదురుగా ఉంటుంది. మొదటి మ్యాచ్‌లో బయటపడిన లోపం రెండో మ్యాచ్‌కు లక్ష్యమవుతుంది. రక్షణలో నెమ్మదిగా కదిలే ఒక ఆటగాణ్ని పదేపదే స్క్రీన్లలోకి లాగి, అతణ్ని కోర్టులో ఉంచలేని పరిస్థితి తెస్తారు. 82 మ్యాచ్‌లలో పది పన్నెండు మందిని తిప్పిన కోచ్, సిరీస్ ముదిరేకొద్దీ ఏడెనిమిది మందితోనే నెట్టుకొస్తాడు.

0-3తో వెనకబడిన జట్టు సిరీస్ గెలవడం ఎన్‌బీఏ చరిత్రలో ఇంతవరకూ జరగలేదు. ఏడో మ్యాచ్ దాకా లాగినవే నాలుగు: 1951 ఫైనల్స్‌లో న్యూయార్క్, 1994లో డెన్వర్, 2003లో పోర్ట్‌లాండ్, 2023లో బోస్టన్. బోస్టన్‌కైతే ఏడో మ్యాచ్ సొంత కోర్టులోనే. అయినా మయామి గెలిచింది. 1-3 నుంచి తిరిగి గెలిచిన జట్లున్నాయి. డెన్వర్ 2020లో ఒకే ప్లేఆఫ్స్‌లో రెండుసార్లు ఆ పని చేసింది.

సొంత కోర్టు

మెరుగైన జట్టుకు సీజన్ ఇచ్చే అసలు బహుమతి ఇది. సిరీస్‌లో 1, 2, 5, 7 మ్యాచ్‌లు పై జట్టు ఊళ్లో, 3, 4, 6 కింది జట్టు ఊళ్లో జరుగుతాయి. ఫైనల్స్‌లో సీడ్ సంఖ్యలు చూడరు. రెగ్యులర్ సీజన్ రికార్డు ఎవరిది మెరుగో వారికే ఆ అవకాశం.

1985 నుంచి 2013 దాకా ఫైనల్స్‌కు మాత్రం వేరే క్రమం ఉండేది: రెండు, మూడు, రెండు. ఆ రోజుల్లో బోస్టన్‌కూ లాస్ ఏంజలెస్‌కూ మధ్య ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు మాటిమాటికీ విమానాలెక్కడం ఆటగాళ్లనూ విలేకరులనూ హడలగొట్టేది. ప్రయాణాలు తగ్గించడానికే ఈ మార్పు. ప్రయాణం తగ్గింది గానీ న్యాయం వంకరపోయింది. సిరీస్ 2-2తో ఉన్నప్పుడు కీలకమైన ఐదో మ్యాచ్ కింది జట్టు ఊళ్లో జరిగేది. ఆ మధ్య మూడింటినీ గెలిచేస్తే ఇంకొక్క గెలుపు చాలు. 2004లో డెట్రాయిట్, 2006లో, మళ్లీ 2012లో మయామి అలాగే గెలిచాయి. 2014 నుంచి ఫైనల్స్ కూడా పాత దారికి వచ్చింది.

2020లో డిస్నీ వరల్డ్ ‘బుడగ’లో ఎవరికీ సొంత కోర్టు లేదు. అన్ని మ్యాచ్‌లూ ఒకే ఆవరణలో, ఖాళీ కుర్చీల ముందు. లేకర్స్ మయామిని 4-2తో ఓడించింది.

పాత రూపాలు

1946లో పుట్టి, తర్వాత ఎన్‌బీఏగా మారిన బీఏఏ లీగ్ స్థాపకుల్లో చాలామంది ఐస్ హాకీ స్టేడియాల యజమానులు. అందుకే 1947లో జరిగిన తొలి ప్లేఆఫ్స్‌కు హాకీలో అంతకుముందు నడిచిన పద్ధతే తెచ్చారు: రెండు డివిజన్ల విజేతలు సెమీఫైనల్లోనే ఢీకొనాలి. 60లో 49 గెలిచిన వాషింగ్టన్, వెస్ట్రన్ విజేత షికాగో చేతిలో అక్కడే ఓడింది. ఈస్ట్‌లో వాషింగ్టన్ కన్నా 14 విజయాలు తక్కువగా ఉన్న ఫిలడెల్ఫియా రెండో స్థానాల దారిలో వచ్చి, ఫైనల్స్‌లో షికాగోను 4-1తో గెలిచి తొలి ఛాంపియన్ అయింది. బలవంతులిద్దర్నీ ముందే కొట్టుకోనిచ్చి బలహీనుడికి దారి వదిలే ఈ అమరిక రెండేళ్లకే పోయింది. 1954లో ఇంకో ప్రయోగం: ఒక్కో డివిజన్‌లో మూడేసి జట్లు రౌండ్ రాబిన్ ఆడి ఒకటి తప్పుకోవాలి. అదీ మళ్లీ కనిపించలేదు.

బిల్ రసెల్ ఆడిన కాలంలో బోస్టన్ సెల్టిక్స్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచింది. ఆ ఘనతను తగ్గించకుండానే ఒక మాట చెప్పుకోవాలి. డివిజన్ విజేతకు అప్పట్లో తొలి రౌండ్ ఉండేది కాదు. వరసగా ఎనిమిది టైటిళ్లు గెలిచిన 1959-66 మధ్య, డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచిన 1966లో తప్ప, బోస్టన్‌కు ఏటా ఎనిమిది ప్లేఆఫ్ విజయాలు చాలాయి. ఇప్పుడు కావలసిన వాటిలో సరిగ్గా సగం.

ప్లేఆఫ్స్‌కు వెళ్లే జట్లు 1967లో ఎనిమిది, 1975లో పది, 1977లో పన్నెండు, 1984లో పదహారు అయ్యాయి. ఈ చివరి అంకె కొంత నవ్వు తెప్పిస్తుంది. 1984లో లీగ్‌లో ఉన్నవే 23 జట్లు. పట్టికలో అడుగున ఉన్న ఏడింటిని తీసేయడానికి ఆరు నెలల సీజన్! లీగ్ పెరిగి 30 అయ్యాకే పదహారుకు గౌరవం వచ్చింది. ప్లే-ఇన్‌తో మళ్లీ 30లో 20 జట్లు సీజన్ దాటి ఆడుతున్నాయి.

తొలి రౌండ్ 1975 నుంచి 1983 దాకా మూడు మ్యాచ్‌లదే, పైనున్న జట్లకు అదీ లేకుండా బై. ఆ ఏడు ఫిలడెల్ఫియా సెంటర్ మోజెస్ మలోన్ ప్లేఆఫ్స్ ఎలా సాగుతాయని అడిగితే ‘నాలుగు, నాలుగు, నాలుగు’ అన్నాడని ప్రసిద్ధి. బై ఉంది కాబట్టి మూడే రౌండ్లు, మూడూ స్వీప్ చేస్తామని భావం. జట్టు 12 గెలిచి ఒక్కటే ఓడింది. 1984 నుంచి తొలి రౌండ్ ఐదు మ్యాచ్‌లు, 2003 నుంచి ఏడు. ఈ పొడిగింపుతో చిన్న జట్టుకు దారి ఇంకా ఇరుకైంది. 1994లో డెన్వర్ సియాటిల్‌ను, 1999లో న్యూయార్క్ మయామిని ఎనిమిదో సీడ్‌గా ఓడించింది ఐదు మ్యాచ్‌ల కాలంలోనే. న్యూయార్క్ ఆ ఊపులో ఫైనల్స్ దాకా వెళ్లింది. ఏడు మ్యాచ్‌లలోనూ ఆ పని సాధ్యమని తొలిసారి చూపింది 2007లో గోల్డెన్ స్టేట్, 67 విజయాల డల్లాస్ మీద. 2011లో మెంఫిస్, 2012లో ఫిలడెల్ఫియా, 2023లో మయామి అదే చేశాయి. ఈ మయామి ప్లే-ఇన్‌లో ఒకటి ఓడి, ఒకటి గెలిచి లోపలికొచ్చి ఫైనల్స్ చేరిన జట్టు. టైటిల్ గెలిచిన వారిలో అతి కింది సీడ్ మాత్రం 1995 హ్యూస్టన్, ఆరోది.

సీడింగ్ చిక్కులు

నిబంధనల్లోని లోపం బయటపడాలంటే మంచి జట్లు రెండు ఒకే డివిజన్‌లో ఉండాలి. 2006లో అదే జరిగింది. అప్పటి నియమం ప్రకారం కాన్ఫరెన్సులో మొదటి మూడు సీడ్లు ముగ్గురు డివిజన్ విజేతలవి. శాన్ ఆంటోనియో 63, డల్లాస్ 60 గెలిచాయి. రెండూ సౌత్‌వెస్ట్ డివిజన్‌వే. దాంతో వెస్ట్‌లో రెండో ఉత్తమ రికార్డున్న డల్లాస్ నాలుగో సీడ్ అయింది, రెండో రౌండ్‌లోనే శాన్ ఆంటోనియో ఎదురైంది. ఆ సిరీస్ ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది, డల్లాస్ గెలిచింది. ఇటు 44 విజయాల డెన్వర్ డివిజన్ గెలిచినందుకు మూడో సీడ్. 47 గెలిచిన క్లిప్పర్స్ ఆరో సీడ్, అయినా రికార్డు మెరుగు కాబట్టి సొంత కోర్టు వారిదే. ఐదో స్థానం కన్నా ఆరో స్థానమే లాభమైతే సీజన్ చివర్లో ఎవరు మాత్రం చెమటోడుస్తారు? మరుసటి ఏడాదే నియమాన్ని సవరించారు. 2015లో 51 విజయాల పోర్ట్‌లాండ్ నాలుగో సీడ్‌గా, 55 విజయాల శాన్ ఆంటోనియో ఆరో సీడ్‌గా నిలవడంతో డివిజన్ విజేతలకున్న మిగిలిన రాయితీ కూడా తీసేశారు.

తీరని చిక్కు ఈస్ట్-వెస్ట్ అసమానత. 2013-14లో వెస్ట్‌లో 48 గెలిచిన ఫీనిక్స్‌కు ప్లేఆఫ్స్ లేవు. ఈస్ట్‌లో 38 గెలిచిన అట్లాంటాకు ఉన్నాయి. కాన్ఫరెన్సులు చెరిపేసి 1 నుంచి 16 దాకా కలిపి సీడింగ్ ఇవ్వాలన్న ప్రతిపాదన అప్పటి నుంచి తరచూ వినిపిస్తుంది. తొలి రౌండ్‌లోనే మయామి జట్టు పోర్ట్‌లాండ్‌కు పలుమార్లు ఎగరాల్సి రావడం, మూడు గంటల కాలభేదం దానికి అడ్డు. టీవీ వేళల సమస్యా ఉంది. ఫైనల్స్ సాధారణంగా తూర్పు తీరంలో రాత్రి 8:30కి మొదలవుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చూసేవారికి అది మర్నాడు తెల్లవారి ఆరు. 

డబ్బు సంగతి ఒక మాట. ఆటగాళ్ల జీతాలు రెగ్యులర్ సీజన్‌కు లెక్కగట్టినవి; ప్లేఆఫ్స్‌కు వేరే జీతం ఉండదు, లీగ్ కేటాయించే నిధిలో వాటా వస్తుంది. టికెట్ల ఆదాయం మాత్రం సొంత కోర్టులో జరిగే ప్రతి మ్యాచ్‌తో పెరుగుతుంది. 1984 నుంచి సిరీసులు పొడవవుతూ వచ్చాయే గానీ పొట్టి కాలేదంటే, న్యాయం ఒక్కటే కారణం కాదు.

ఇతర లీగుల్లో

యూరోలీగ్ సగం దారి ఎన్‌బీఏతో నడిచి అక్కడ విడిపోతుంది. 2023-24 నుంచి అక్కడా ఆరు జట్లకు నేరు ప్రవేశం, 7-10 వారికి ప్లే-ఇన్. క్వార్టర్‌ఫైనల్స్ ఐదు మ్యాచ్‌ల సిరీస్. ఆ తర్వాత నాలుగు జట్లూ ఒకే ఊరికి వెళ్లి ఒక్కో మ్యాచ్‌తోనే సెమీఫైనల్స్, ఫైనల్ తేల్చుకుంటాయి. ఈ ఫైనల్ ఫోర్ 1988 నుంచి ఉంది. 2023లో రియల్ మాడ్రిడ్ క్వార్టర్‌ఫైనల్లో పార్టిజాన్‌తో సొంత ఊళ్లో తొలి రెండూ ఓడి, బెల్‌గ్రేడ్‌లో రెండు గెలిచి, ఐదోదీ గెలిచింది. కౌనాస్‌లో జరిగిన ఫైనల్లో ఆఖరి క్షణాల్లో సెర్హియో యుల్ వేసిన బుట్టతో ఒలింపియాకోస్ మీద 79-78తో టైటిల్. సిరీస్ ఆ జట్టును బతికించింది, ఒక్క మ్యాచ్ గెలిపించింది.

ఫిలిప్పీన్స్‌లో 1975 నుంచి నడుస్తున్న పీబీఏ లీగ్‌ది ఇంకో తోవ. క్వార్టర్‌ఫైనల్స్‌లో పై సీడ్‌కు ‘రెండుసార్లు ఓడించాలి’ అనే వెసులుబాటు ఇస్తారు: పై జట్టుకు ఒక్క గెలుపు చాలు, కింది జట్టు రెండూ గెలవాలి. సీజన్ కష్టానికి ప్రతిఫలం ఇంత సూటిగా ముట్టజెప్పే పద్ధతి పెద్ద లీగుల్లో అరుదు.

మహిళల డబ్ల్యూఎన్‌బీఏ 2016 నుంచి కాన్ఫరెన్సులను పక్కనపెట్టి మొత్తం లీగ్‌లో మొదటి ఎనిమిది జట్లనే తీసుకుంటుంది. అప్పట్లో తొలి రెండు రౌండ్లూ ఒక్కో మ్యాచ్‌తో ముగిసేవి. 2022లో తొలి రౌండ్‌ను మూడు మ్యాచ్‌లు చేశారు గానీ మొదటి రెండూ పై జట్టు ఊళ్లో, మూడోది కింది జట్టు ఊళ్లో పెట్టారు. మొదటి రెండూ పై జట్టే గెలిస్తే కింది జట్టు అభిమానులకు ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఒకటి ఓడితే నిర్ణాయక మ్యాచ్‌కు పై జట్టే పరాయి ఊరెళ్లాలి. ఇద్దరికీ నచ్చని ఈ ఏర్పాటును 2025లో మార్చి, మ్యాచ్‌లను ఒకటొకటిగా ఊళ్ల మధ్య తిప్పారు. అదే ఏడాది ఫైనల్స్‌ను ఐదు నుంచి ఏడు మ్యాచ్‌లకు పెంచారు. లాస్ వెగాస్ ఏసెస్ ఫీనిక్స్ మెర్క్యురీని వరసగా నాలుగు మ్యాచ్‌లలో ఓడించి, పెంచినవాటిని ఆడే అవసరం లేకుండా చేసింది.